యెఫ్తా కూతురి తల్లి

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున మా రాజ్యం అత్తయ్య పేపర్ని నాలుగు మడతలు పెట్టి నా కాఫీ గ్లాసు పక్కన పెట్టింది. అత్తయ్య మా నాన్నకి చెల్లెలు. డెబ్బై దాటింది. ఆడపిల్లల బడిలో సంగీతం చెప్పి రిటైరయింది. పెళ్ళి చేసుకోలేదు. మావారు పోయిన దగ్గర్నుంచీ విజయవాడలో నా ఫ్లాట్‌లోనే ఉంటోంది. మడత మీద పైకి కనబడుతున్నది చిన్న ప్రకటన. బయటి ఊరి బృందం ఒకటి ఆ సాయంత్రం ఒరటోరియో పాడుతుంది, బైబిల్లోని యెఫ్తా కథ, ప్రవేశం ఉచితం అని. వేషాలూ తెరలూ లేకుండా, పాడేవాళ్ళు వరసగా నిలబడి పాటలోనే కథంతా చెప్పే పాశ్చాత్య సంగీతాన్ని ఒరటోరియో అంటారు. ఇది కొన్ని వందల ఏళ్ళనాటి రచన, లాటిన్‌లో ఉంటుంది. "ఇది నేను పాడాను," అంది అత్తయ్య. ఆ సంగతి నాకు తెలుసు. అప్పుడు నేనక్కడే ఉన్నాను, చిన్నపిల్లని. కానీ ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తకూడదని ఎవరూ చెప్పలేదు కూడా. అందుకే ఆ పొద్దున అత్తయ్య తనంతట తను ఎత్తేసరికి, ఇప్పుడెందుకు, ఏం కావాలి ఈవిడకి అని ముందు నాకు అనుమానమే కలిగింది.

సాయంత్రం లిఫ్టులో మూడో అంతస్తు ప్రసాదరావు గారు కలిశారు. అత్తయ్య జరీ అంచు చీర చూసి ఎక్కడికని అడిగారు. చెప్పాను. "టిక్కెట్టు లేదా? ఊరికే ఎందుకు పాడతారండీ అంతమంది అంత దూరం నుంచి వచ్చి? వెనకాల ఏదో ఉంటుంది, చూసుకోండి," అన్నారు. మేం ఆటో ఎక్కే లోపలే అపార్ట్‌మెంట్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. ఉచిత కార్యక్రమాల పేరుతో మన పెద్దవాళ్ళని ఎక్కడికో తీసుకుపోతున్నారు, అందరం అప్రమత్తంగా ఉండాలి అని. మా పేర్లు లేవు. పేర్లు లేకపోయినా కింద చేతులు జోడించిన బొమ్మలు చాలామందే పెట్టారు. ఆడిటోరియం గేటు దగ్గర కుర్రవాడొకడు సంచులు వెతికి, మంచినీళ్ళ సీసాలు తీయించి, ఫోన్ నంబర్లు రాసుకుంటున్నాడు. "నా దగ్గర ఫోన్ లేదు బాబూ," అంది అత్తయ్య. సంచిలో ఫోన్ మోగుతూనే ఉంది. ఆ కుర్రవాడు పక్కకి జరిగాడు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే మా నాయనమ్మ గుర్తొచ్చింది. అత్తయ్య ముఖంలో ఆ క్షణాన ఉన్నది అచ్చం మా నాయనమ్మ ముఖమే.

మా నాయనమ్మ పెడనలో నేతపని ఇంట్లో పుట్టింది. తాతయ్యకి విజయవాడ వన్ టౌన్‌లో చీరల కొట్టు. కొట్టు వెనక వాటాలో మేమందరం ఉండేవాళ్ళం. ఆ ఇంటి వాసన ఇప్పటికీ ఏ బట్టల దుకాణం ముందునుంచి నడిచినా తగులుతుంది నాకు. గంజి వాసన, మడత విప్పని చీరల వాసన, బీరువాల్లో కలరా ఉండల వాసన, వీటన్నిటి మీదా మధ్యాహ్నం పూట పెరట్లో కాగే చారు. ఆ ఇంట్లో నాయనమ్మ అనుమానించని వస్తువు లేదు. పాలు వస్తే వేలు ముంచి గోటి మీద బొట్టు నిలుస్తుందా లేదా చూసేది. పప్పు డబ్బాల మూతలు తీసి వాసన చూసేది. నూలు చీర అని ఎవరన్నా తెస్తే అంచునుంచి ఒక పోగు లాగి, అగ్గిపుల్ల గీసి కాల్చి, బూడిద వేళ్ళ మధ్య నలిపేది. మెత్తగా రాలిపోతే నూలు. గింజలా గట్టిగా తగిలితే, తెచ్చినవాడు ఎంత దగ్గర చుట్టమైనా సరే, ఆ చీర వెనక్కి పోయేది. మనుషుల్ని కూడా అలాగే చూసేది. ఎవరైనా మరీ తియ్యగా మాట్లాడితే వాళ్ళు వెళ్ళాక, "వీడికి మనతో ఏం పని పడిందో," అనేది. తాతయ్యకి ఇదంతా విడ్డూరంగా ఉండేది. అనుమానమన్నది ఆయన ఒంట్లో లేదు. బజారులో తాతయ్య మాటంటే మాటే. సంతకం అడిగినవాళ్ళు లేరు.

ఆయన అలా ఇచ్చిన మాటల్లో ఒకటి చల్లపల్లిలో ఉండేది. నాగభూషణం గారని, తాతయ్య చిన్ననాటి స్నేహితుడు. ఇద్దరూ కుర్రతనంలో చీరల మూటలు సైకిళ్ళకి కట్టుకుని దివిసీమ ఊళ్ళన్నీ కలిసి తిరిగారట. తర్వాత ఆయన చల్లపల్లిలో కొట్టు పెట్టుకున్నారు. అత్తయ్య ఉయ్యాల్లో ఉన్నప్పుడే తాతయ్య ఆయన చేతిలో చెయ్యేసి, నీ పెద్దవాడికి మా రాజ్యాన్ని ఇస్తాను అన్నారు. ఆ పెద్దవాడు మంచివాడే. పండగలకి ఎప్పుడైనా వాళ్ళ నాన్నతో వచ్చి, తల వంచుకుని భోంచేసి వెళ్ళేవాడు. అత్తయ్య కాలేజీ చదువు అయిపోవచ్చింది. ముహూర్తాల మాట ఇవాళో రేపో అన్నట్టు ఉంది. పెళ్ళి గురించి అత్తయ్య సంతోషంగా ఉన్నట్టు గానీ లేనట్టు గానీ ఎవరికీ కనబడలేదు. ఆ మాట వస్తే లేచి వెళ్ళి, తడి లేకపోయినా తీగ మీది బట్టలు తిరగేసేది.

అలాంటి రోజుల్లో అత్తయ్య స్నేహితురాలు సుగుణ మా ఇంటికొచ్చింది. స్టేషన్ అవతల పాత చర్చిలో వాళ్ళ క్వయర్ ఏదో పెద్ద పాట కచేరీ చేస్తోందట. పాడాల్సిన ఒకమ్మాయి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయిందట. రాజ్యం గొంతు అచ్చంగా సరిపోతుంది, ఒక్క చిన్న భాగమే, పంపించండి పిన్నిగారూ అని అడిగింది. తాతయ్య అరుగు మీదనుంచే, "పాటే కదా, వెళ్ళనీ," అన్నారు. నాయనమ్మ సుగుణని పైనుంచి కిందదాకా చూసింది.

"మీలో అంతమంది ఆడపిల్లలుండగా మా పిల్లే ఎందుకు కావలసి వచ్చింది?"

"గొంతు బాగుంటుందండీ."

"బాగుంటే పొగుడుతారు. తీసుకుపోతారా? పాటకి పిలిచి, తర్వాత ఇంకేదో చేద్దువు గాని రమ్మంటే?"

సుగుణ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అత్తయ్య ఆ పూట అన్నం ముట్టలేదు. అది చూసి నాయనమ్మకి ఇంకా అనుమానం వచ్చింది. పాట కోసం ఏ పిల్లైనా అన్నం మానుతుందా, అక్కడ ఎవరో ఉండి ఉంటారని. చివరికి ఒక షరతు మీద ఒప్పుకుంది. తను కూడా వస్తుంది. రోజూ వస్తుంది. అయిపోయేదాకా అక్కడే కూర్చుంటుంది.

అలా కచేరీ అయ్యేదాకా మేం ముగ్గురం సాయంత్రాలు రైలు పట్టాల మీది వంతెనెక్కి చర్చికి వెళ్ళేవాళ్ళం. నన్నెందుకు తీసుకెళ్ళేదో మరి, తనకి తోడుగానో, రెండో జత కళ్ళుగానో. నాయనమ్మ వెనక బెంచీ మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చునేది. తన చెంబుతో తన నీళ్ళు తెచ్చుకునేది, వాళ్ళిచ్చిన టీ ముట్టేది కాదు. ఒళ్ళో పత్తి పెట్టుకుని దీపానికి వత్తులు చేసుకుంటూ, ఎవరు ఎవరివైపు చూస్తున్నారో చూసేది. పాట నేర్పే జయరత్నం మాస్టారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి, బట్టతల, మెల్లటి గొంతు. మొదటి రోజే నాయనమ్మ ఆయన్ని ఆపేసింది. "మాస్టారూ, మా పిల్ల నోట ఏం పలికిస్తున్నారో నాకు చెప్పాలి. అర్థం తెలియని మాట మా ఇంటి పిల్ల పాడదు." క్వయర్ కుర్రాళ్ళు నవ్వారు. మాస్టారు నవ్వలేదు. "న్యాయమే అమ్మా," అని, ఆ రోజు నుంచీ పాడబోయే ముందు ప్రతి భాగానికీ తెలుగులో కథ చెప్పేవారు. ముందు ఆమెకి, తర్వాత వాళ్ళకి. నిజానికి ఆ కుర్రాళ్ళలో సగం మందికి కూడా ఆ లాటిన్ మాటల అర్థం అప్పుడే తెలిసిందని తర్వాత సుగుణ చెప్పింది.

నాయనమ్మ ఆ కథ పురాణం విన్నట్టు వినేది. యెఫ్తా అని ఒక యోధుడు. యుద్ధానికి వెళుతూ దేవుడికి మొక్కుకున్నాడు, నన్ను గెలిపిస్తే, తిరిగొచ్చినప్పుడు నా ఇంటి గుమ్మంలోంచి మొదట ఎవరు ఎదురొస్తే వాళ్ళని నీకు బలి ఇస్తానని. గెలిచాడు. తిరిగొచ్చాడు. ఒక్కగానొక్క కూతురు కంజిర వాయిస్తూ, ఆడుతూ నాన్నకి ఎదురొచ్చింది. మాస్టారు అక్కడ ఆగారు. నాయనమ్మ చేతిలో వత్తి కూడా ఆగింది.

"ఎవరొస్తారనుకున్నాడు ఆయన? ఇంట్లో ఉన్నది ఆ పిల్లే కదా?"

"ఆ ప్రశ్న చాలామంది అడిగారమ్మా."

"జవాబు?"

"లేదమ్మా. ఆయన బట్టలు చించుకుని ఏడుస్తాడు. కానీ దేవుడికి మాటిచ్చాను, వెనక్కి తీసుకోలేను అంటాడు. ఆ పిల్ల కూడా, మాటిచ్చావు కాబట్టి అలాగే చెయ్యి నాన్నా అంటుంది. కొన్నాళ్ళు గడువడిగి, కొండల్లోకి వెళ్ళి ఏడుస్తుంది. ఆ ఏడుపు కొండలకి తగిలి తిరిగొస్తుంది. ఆ తిరిగొచ్చే గొంతు మీ అమ్మాయి పాడాలి."

"తర్వాత?"

"తర్వాత అంతే. అందరూ ఆ పిల్ల కోసం ఏడవమని పాడతారు."

నాయనమ్మ చేతిలో వత్తి పక్కన పెట్టింది. తర్వాత అడిగిన మాట ఇప్పటికీ నాకు ఆవిడ గొంతుతోనే వినబడుతుంది.

"ఆ పిల్లకి తల్లి లేదా?"

"రాయలేదమ్మా."

"రాయకపోతే లేనట్టా? తొమ్మిది నెలలు మోసినావిడ ఒకతి ఎక్కడో ఉండాలి కదా ఆ ఇంట్లో. ఇంత జరుగుతుంటే ఏం చేస్తోంది?"

మాస్టారు చేతిలో పుస్తకం మూసి, తెరిచి, మళ్ళీ మూశారు. ఆ రోజు తిరిగొచ్చేటప్పుడు వంతెన మీద ఆగాం. కింద గూడ్సు బండి చాలాసేపు పోయింది. అత్తయ్య రెయిలింగ్ పట్టుకుని దాన్నే చూస్తూ నిలబడింది. నాయనమ్మ బండిని చూడలేదు. అత్తయ్యని చూసింది. పోగు లాగి కాల్చే ముందు చీరని చూసే చూపది.

కచేరీకి తాతయ్య ఇస్త్రీ పంచె కట్టుకుని వచ్చారు. ముహూర్తాల మాటకి విజయవాడ వచ్చిన నాగభూషణం గారిని కూడా వెంటబెట్టుకొచ్చారు. ఒక హార్మోనియం, రెండు వయొలిన్లు, ముప్పై మంది దాకా పాడేవాళ్ళు. అత్తయ్య వాళ్ళలో లేదు. ప్రతిధ్వని పాడేవాళ్ళిద్దరూ కనబడకూడదని మాస్టారు వాళ్ళని వెనక మేడ మీద, గంట తాడు పక్కన నిలబెట్టారు. రిహార్సల్లో నాయనమ్మ దీనికీ పోట్లాడింది, మా పిల్లని ఎందుకు దాస్తున్నారని. కూతురి పాట మొదలైంది. ముందునుంచి ఒక గొంతు ఏడ్చింది. ఆ ఏడుపు చివరి ముక్క మా తలల వెనకనుంచి, చాలా దూరంనుంచి వచ్చినట్టు, సన్నగా తిరిగొచ్చింది. తాతయ్య అటూ ఇటూ తిరిగి వెతికారు. కనబడలేదు. అయినా గుర్తుపట్టి, నాగభూషణం గారి చెయ్యి పట్టుకుని, "మన అమ్మాయే," అన్నారు. ఆ ముఖం నిండా సంతోషమే. కథలో ఏం జరుగుతోందో ఆయనకి తెలియదు. నాయనమ్మకి తెలుసు. ఆవిడ ముందుకీ వెనక్కీ చూడలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని తాతయ్యనే చూస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున నాగభూషణం గారు కాఫీ కోసం కుర్చీలో కూర్చుని, "ఇక శ్రావణంలో కానిచ్చేద్దాం, ఏమంటావు," అన్నారు. తాతయ్య పంచాంగం కోసం లేచారు. వంటింటి గుమ్మంలోంచి నాయనమ్మ అంది, "అన్నయ్యగారూ, ఈ సంబంధం మేం చేసుకోవడం లేదండీ."

 నాగభూషణం గారే ముందు తేరుకున్నారు. "మావాడిలో ఏమైనా లోపం కనబడిందా అమ్మా?"

"ఏ లోపమూ లేదు. బంగారం లాంటి పిల్లాడు."

"నేను మాటిచ్చాను," అన్నారు తాతయ్య. కోపంగా అనలేదు. తనకి తనే చెప్పుకున్నట్టు అన్నారు.

"మీరిచ్చారు. నన్నడిగి ఇచ్చారా? దాన్నడిగి ఇచ్చారా?"

"అమ్మాయి వద్దందా?" నాగభూషణం గారు అడిగారు.

"దానికి ఇష్టం లేదండీ. అది చెప్పదు. అందుకని నేను చెబుతున్నాను. ఆయన మాట పోతుందని నాకు తెలుసు. పోనివ్వండి. ఆ పాపం నాది."

ఆయన కాఫీ తాగకుండానే లేచారు. తాతయ్య వెనకాలే వీధి చివరిదాకా వెళ్ళారు, చెప్పులు లేకుండా. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. తిరిగొచ్చి కొట్టు తెరిచి కూర్చున్నారు. ఆ తర్వాత చాలాకాలం నాయనమ్మతో మాట్లాడలేదు. ఏదైనా కావలసి వస్తే, "వసూ, మీ నాయనమ్మని అడుగు," అని నాతో అనేవారు, ఆవిడ ఎదురుగా ఉండగానే. చల్లపల్లి స్నేహం అక్కడితో సరి. తాతయ్య పోయినప్పుడు నాగభూషణం గారు వచ్చి వాకిట్లో నిలబడి, లోపలికి రమ్మన్నా రాకుండా, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయారు. బంధువులు మాత్రం ఊరుకోలేదు. క్వయర్‌లో ఎవరో కుర్రాడున్నాడన్నారు. పిల్ల మతం పుచ్చుకుందన్నారు. విచిత్రమేమిటంటే నాయనమ్మ కూడా ఆ కుర్రాడు ఉన్నాడనే నమ్మింది. అత్తయ్య బడినుంచి ఆలస్యంగా వస్తే గుమ్మంలో నిలబడేది. వచ్చిన ఉత్తరాలు వెలుగుకి ఎత్తి చూసేది. వచ్చిన సంబంధాలన్నీ అత్తయ్య మెల్లగా తిప్పేస్తుంటే ఆవిడ అనుమానం ఇంకా గట్టిపడింది. నిజం చెప్పాలంటే, పెరిగి పెద్దయ్యాక నాకూ అదే అనుమానం.

అనుమానం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అప్పటివాళ్ళు మంచివాళ్ళని నేననను. మా నాయనమ్మ సుగుణని ఏడిపించింది, వాళ్ళ టీ చివరి రోజు దాకా ముట్టలేదు. కానీ ఆవిడ తన అనుమానాన్ని తీసుకుని వంతెనెక్కి, దిగి, రోజూ వెళ్ళి వాళ్ళ మధ్యలో కూర్చుంది. ఎదురుగా అడిగింది. వాళ్ళు చెబితే విన్నది. విన్నది ఒంటబట్టించుకుంది. ప్రసాదరావు గారు ఆ ఆడిటోరియం మెట్టెక్కలేదు. మర్నాడు ఎలా జరిగిందని అడగనూ లేదు. గ్రూపులో అప్పటికే ఇంకో సంగతి మీద అందరూ అప్రమత్తంగా ఉన్నారు.

ఆ ఆదివారం సాయంత్రం ఆడిటోరియంలో వేదిక మీదికి వీణ లాంటిదేదో పొడుగు మెడ వాయిద్యం వచ్చింది, ముట్టుకుంటే చిరిగేంత సన్నగా పాడే అమ్మాయి వచ్చింది. ప్రతిధ్వని వాళ్ళని మాత్రం దాచలేదు, వేదిక మీదే పక్కకి నిలబెట్టారు. అత్తయ్యకి అది నచ్చలేదు. "కనబడితే ఇంకేం కొండ," అని గొణిగింది. అయినా పాటతో పాటే తన పెదవులు కదులుతూనే ఉన్నాయి, ఒక్క మాట తప్పకుండా. 

మర్నాడు పొద్దున బాల్కనీలో ఇద్దరం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చున్నాం. ఇక అడక్కపోతే ఎప్పటికీ అడగలేననిపించింది.

"అత్తయ్యా, ఆ క్వయర్‌లో ఎవరు?"

చిన్నగా నవ్వింది. "మా అమ్మ కూడా అడిగింది. పోయే ముందు మంచం దగ్గరికి పిలిచి, ఇప్పుడైనా చెప్పవే, ఏమీ అనను అంది. ఎవరూ లేరమ్మా అన్నాను. నమ్మలేదు. సరే, దాచుకో అంది."

"నిజంగా ఎవరూ లేరా?"

"ఎవరూ లేరే. అక్కడికెళితే నా గొంతు నాకే కొత్తగా వినబడేది. దానికోసం వెళ్ళాను. అన్నం మానేసింది కూడా దానికోసమే. ఆ మాట చెబితే నమ్మేవాళ్ళెవరున్నారు అప్పుడు?"

ఇంకో అనుమానం, అన్నిటికంటే పాతది, నా నోటిదాకా వచ్చింది. "మరి ఆ చల్లపల్లి అబ్బాయి? నీకు ఇష్టం లేదని నాయనమ్మకి ఎప్పుడు చెప్పావు?"

అత్తయ్య చేతిలో కాయ విరిచి, గింజలు గిన్నెలో రాల్చింది. "చెప్పలేదు. మా నాన్న అడగలేదు నిజమే. మా అమ్మ కూడా అడగలేదు వసూ. ఆ పొద్దున నేను పెరట్లో ఉన్నాను. నాకు ఇష్టం లేదన్న సంగతి ఆవిడ నోటినుంచే మొదటిసారి విన్నాను."

నేను తీస్తున్న ఈనె తెగిపోయింది. "అడిగుంటే ఏమనేదానివి?"

"సరే అనేదాన్ని," అంది అత్తయ్య. "ఎవరడిగినా సరే అనేదాన్నే. అది ఆవిడకి తెలుసు. అందుకే అడగలేదు."